పార్కులో నిలబెట్టిన వంశచరిత్ర

సియాటెల్ నగరం నడిబొడ్డున ఒక టోటెమ్ స్తంభం. చెక్కించుకున్నది అలాస్కాలోని ఒక ట్లింగిట్ వంశం. నరికి తెచ్చింది సియాటెల్ పెద్దమనుషులు. 1899 నాటి ఆ దొంగతనం నుంచి, అదే ఊళ్లో జనం భుజాల మీద మోసుకొచ్చి నిలబెట్టిన మరో స్తంభం దాకా... ఈ వారం ముఖచిత్ర కథనం.

1899 ఆగస్టు నెలాఖరు. ఆగ్నేయ అలాస్కా దక్షిణపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో టాంగాస్ అనే చిన్న దీవి. సాల్మన్ చేపలు నదులకు ఎదురెక్కే రోజులు కావడంతో ఊరు ఊరంతా వేటకు వెళ్లింది. ఇళ్ల ముందు చెక్కిన దేవదారు మానులు మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ‘సిటీ ఆఫ్ సియాటెల్’ అనే ఆవిరి ఓడ వచ్చి లంగరు వేసింది. పడవల్లో ఒడ్డుకు చేరిన నావికులు స్తంభాలను కలయజూసి, అన్నింట్లోకీ అందమైనదాన్ని ఎంచుకున్నారు. చెట్టును కొట్టినట్టే గొడ్డలితో కొట్టి పడగొట్టారు. ఒడ్డు దాకా దొర్లించుకుపోవడం వల్ల కాలేదు. రంపం పట్టి రెండు ముక్కలు చేశారు. ఆ పనిలో పాలుపంచుకున్న ఓడ ఉద్యోగి ఒకరు తర్వాత చెప్పిన ప్రకారం, ఆ వేళ ఊళ్లో మిగిలింది ఒకే ఒక్క మనిషి. అతను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాడు.

ఓడలో ఉన్న ప్రయాణికులు సియాటెల్ వాణిజ్య మండలి ప్రముఖులు. స్థానిక పత్రిక ‘పోస్ట్-ఇంటెలిజెన్సర్’ అండతో అలాస్కా యాత్రకు వెళ్లి తిరిగొస్తున్నారు. ఊరికి ఏదైనా కానుక పట్టుకెళ్లాలనుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 18న సియాటెల్‌లోని పయనీర్ ప్లేస్ పార్కులో, జనం చప్పట్ల మధ్య స్తంభాన్ని ఆవిష్కరించారు. టాంగాస్ వాళ్లు వేట నుంచి తిరిగొచ్చేసరికి వాళ్ల ఊళ్లో మిగిలింది మొదలు నరికిన గుర్తు.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు సియాటెల్ డౌన్‌టౌన్ కొత్త కాదు. వేసవిలో ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్తే పిల్లలు తీసుకెళ్లి చూపించే చోట్లలో ఆ పార్కు ఉన్న పయనీర్ స్క్వేర్ కూడా ఉంటుంది. ఎర్ర ఇటుకల పాత భవనాలు, ఇనుప స్తంభాల మండపం, పక్కనే రంగురంగుల ఎత్తైన మాను. అందరూ దాని ముందు ఫొటో దిగుతారు. అది ఎవరిదో, అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే చూసే చూపే మారిపోతుంది.

ఒక ఆడబిడ్డ జ్ఞాపకం

ఈ స్తంభాన్ని మొదట నిలబెట్టింది ట్లింగిట్ ప్రజల్లోని గానహాడి వంశం. 18వ శతాబ్దం చివర్లో చెక్కించారని అంచనా. స్త్రీలందరికీ పెద్ద అని అర్థం వచ్చే పేరున్న ఒక మహిళ జ్ఞాపకార్థం దీన్ని ఎత్తారు. జబ్బుపడిన సోదరిని చూడటానికి వెళ్తూ ఆమె నాస్ నదిలో మునిగి చనిపోయింది. తల్లి వైపు నుంచే వంశం సాగే సమాజం వాళ్లది. పిల్లలు తల్లి వంశానికే చెందుతారు, ఆస్తీ బిరుదులూ ఆ దారినే సంక్రమిస్తాయి. అలాంటి చోట ఇంటి పెద్ద దిక్కయిన ఆడమనిషి పోవడమంటే వంశం మొత్తానికి తగిలిన దెబ్బ.

ట్లింగిట్లు రెండు పక్షాలు. ఒకటి బొంతకాకి, రెండోది గద్ద. మనలో సగోత్రీకుల మధ్య పెళ్లి కూడదన్నట్టే, వాళ్లలో ఒకే పక్షం వారు పెళ్లాడకూడదు. ఒక పక్షంలో మనిషి పోతే కర్మకాండ బాధ్యత అవతలి పక్షానిది. స్తంభం చెక్కే పనీ వాళ్లకే అప్పగించేవారు. పని పూర్తయ్యాక ‘పొట్లాచ్’ అనే పెద్ద విందు పెట్టి, వచ్చిన వాళ్లందరికీ కానుకలు పంచేవారు. ఆ కానుక పుచ్చుకున్న అతిథి సాక్షి అవుతాడు. ఈ బొమ్మలు ఈ వంశానివే, ఈ కథ చెప్పుకునే హక్కు వీళ్లదే అని రేపు ఎవరడిగినా చెప్పాల్సిన బాధ్యత అతనిది. రాత లేని చోట ఇదే దస్తావేజు, ఇదే రిజిస్ట్రేషన్.

అందుకే స్తంభాన్ని ఎత్తుకెళ్లడం అంటే కొయ్యను ఎత్తుకెళ్లడంతో పోదు. ఒక కుటుంబం తాలూకు సంస్మరణ, ఊరంతా కలిసి చెప్పిన సాక్ష్యం, పంచిపెట్టిన సంపద, అన్నీ కలిపి పెరికివేసినట్టు.

పై నుంచి కింద దాకా కథలే

శిఖరాన బొంతకాకి, దాని ముక్కున చందమామ. లోకానికి వెలుగు దొరక్కుండా ఒక పెద్దాయన పెట్టెలో దాచుకుంటే, బొంతకాకి ఉపాయంతో దొంగిలించి ఆకాశంలోకి వదిలిందన్నది ఈ తీరమంతా తెలిసిన కథ. దాని కింద ఒక స్త్రీ, ఆమె చేతుల్లో కప్ప బిడ్డ. ఆ కింద ఆమె భర్త కప్ప. కప్పలను ఎగతాళి చేసిన అమ్మాయి చివరికి కప్పల ఇంటి కోడలైన వైనం అది. తర్వాత ముంగిసను పోలిన మింక్ అనే జంతువు, మళ్లీ బొంతకాకి, నోట సీల్‌ను కరచుకున్న తిమింగలం. కాకీ మింకూ తిమింగలం కడుపులో చేరి సముద్రయానం చేసిన కథ ఇక్కడిది. అట్టడుగున నాస్ నది మొదట్లో ఉండే ముసలి బొంతకాకి, అంటే వెలుగును దాచిన ఆ పెద్దాయనే.

బొమ్మలు చూసి పుస్తకం చదివినట్టు కథ చదవడం కుదరదు. ఏ బొమ్మ ఏ కథను గుర్తుచేస్తుందో ఆ వంశం వాళ్లు చెబితేనే తెలుస్తుంది. చెప్పేవాళ్లకు దూరం చేసిన స్తంభం మూగదైపోతుంది.

---
▣ ఎన్ని రకాలో!

ఇంటి స్తంభాలు: ఇంటి లోపల దూలాలను మోసేవి. వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి.

సంస్మరణ స్తంభాలు: పోయినవారి పేరిట వారసులు నిలబెట్టేవి.

అస్థికల స్తంభాలు: పై భాగంలో తొలిచిన చోట చనిపోయినవారి అస్థికలు ఉంచేవి.

స్వాగత స్తంభాలు: తీరాన పడవల్లో వచ్చేవారికి ఎదురుగా నిలబెట్టేవి.

పరువు తీసే స్తంభాలు: బాకీ ఎగ్గొట్టినవారిని, మర్యాద తప్పినవారిని నలుగురిలో నిలదీయడానికి ఎత్తేవి. అలాస్కాను రష్యా నుంచి కొన్న అమెరికా మంత్రి విలియం సీవార్డ్‌కు 1869లో టాంగాస్ నాయకులు ఘనంగా ఆతిథ్యమిచ్చారు. ఆయన తిరిగి మర్యాద చేయలేదు. ఆయన మీద ఎత్తిన అలాంటి స్తంభం అలాస్కాలోని సాక్స్‌మన్ గ్రామంలో ఉంది.

టోటెమ్ స్తంభాలు పూజకు పెట్టినవి కావు. వాటిని విగ్రహారాధన అనుకుని మిషనరీలు చాలాచోట్ల తీయించారు, తగలబెట్టించారు.
---

బంగారం తెచ్చిన తెగువ

పేరున్న వ్యాపారులకు ఇంత తెగింపు ఎక్కడిది? జవాబు 1897లో ఉంది. ఆ జులైలో ‘పోర్ట్‌లాండ్’ అనే ఓడ ఉత్తరాన ఉన్న క్లాండైక్ ప్రాంతపు బంగారంతో సియాటెల్ రేవుకు వచ్చింది. ఆ వార్త పొక్కగానే వేలమంది ఉత్తరాదికి పరుగు తీశారు. వాళ్లకు తిండి గింజలు, గొడ్డళ్లు, దుప్పట్లు అమ్మి సియాటెల్ బాగుపడింది. ‘అలాస్కాకు వాకిలి మేమే’ అని చాటుకోవడానికి ఊరికొక గుర్తు కావాల్సి వచ్చింది. పార్కులో అలాస్కా స్తంభం అందుకు అచ్చంగా సరిపోయింది. పోస్టుకార్డుల మీదికి ఎక్కింది, దుకాణాల్లో చిన్న చిన్న బొమ్మలుగా అమ్ముడైంది.

ఇంకో నమ్మకమూ వాళ్లకు ధైర్యమిచ్చింది. ఆదివాసులు ఎలాగూ అంతరించిపోతున్నారు, వాళ్ల వస్తువులు మన దగ్గర ఉంటేనే భద్రం అన్న మాట అప్పటి పండితుల నోటా, పత్రికల్లోనూ వినిపించేది. మశూచి ఆ తీరాన్ని ఊడ్చేసిన మాట నిజం. 1862 నాటి విజృంభణలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. కెనడాలో 1885 నుంచి 1951 దాకా పొట్లాచ్‌ను చట్టం పెట్టి నిషేధించారు. విందు చేసుకుంటే జైలు. విందే లేకపోతే కొత్త స్తంభం ఎత్తడమూ లేదు. ఒక చేత్తో ఆచారాన్ని ఆపి, ఇంకో చేత్తో ఆ ఆచారం మిగిల్చిన వస్తువుల్ని మ్యూజియాలకు తరలించారు.

20,000 అడిగితే 500

టాంగాస్ వాళ్లు మౌనంగా ఊరుకోలేదు. తమ స్తంభం సియాటెల్‌లో ఉందని తెలిసి ఫిర్యాదు చేశారు. 20,000 డాలర్ల పరిహారం అడిగారు. అలాస్కాలో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ఎనిమిది మంది సియాటెల్ ప్రముఖుల మీద అభియోగాలు మోపింది. ఒక ఆదివాసీ గ్రామం మాట మీద ఇంతటి పెద్దమనుషుల పేర్లు నేరాభియోగంలోకి ఎక్కడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయితే కేసు నిలబడలేదు, కొట్టేశారు. చివరికి 500 డాలర్లు చెల్లించి చేతులు దులుపుకొన్నారు. స్తంభం మాత్రం పార్కులోనే ఉండిపోయింది.

ఊరు ఖాళీగా ఉంది కాబట్టి తీసుకున్నాం అన్నది వాళ్ల వాదన. చేపల వేటకు వెళ్లిన మనిషి ఇల్లు వదిలేసినట్టా? అక్కడి ట్లింగిట్లు అప్పటికి కెచికన్, సాక్స్‌మన్ వైపు తరలుతున్నారు. పిల్లల చదువు అందుకొక కారణం. ఇల్లు మారినవాడు పెద్దల సమాధుల మీద హక్కు వదులుకున్నట్టు ఏ దేశపు న్యాయమూ చెప్పదు.

ఆ నేల ఇంకొకరిది

ఈ కథలో మరో అన్యాయం దాగుంది. సియాటెల్ ఉన్న నేల డువామిష్, సుక్వామిష్ ప్రజలది. వీళ్లు కోస్ట్ సేలిష్ జాతుల వారు. ఇంటి స్తంభాలు, స్వాగత ప్రతిమలు చెక్కడం వీళ్ల సంప్రదాయం. ఆకాశాన్ని అంటే టోటెమ్ స్తంభాలు మాత్రం వీళ్లవి కావు. అవి సుమారు వెయ్యి కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ట్లింగిట్, హైడా, సిమ్షియాన్ ప్రజలవి. పయనీర్ స్క్వేర్ చోట ఒకప్పుడు డువామిష్ గ్రామం ఉండేది.

నగరానికి పేరిచ్చిన నాయకుడు సియాటెల్ డువామిష్, సుక్వామిష్ ప్రజల పెద్ద. ఆయన బతికి ఉండగానే, 1865లో, ఆయన పేరు పెట్టుకున్న ఊరు ఒక తీర్మానం చేసింది. ఆదివాసులు ఊరి పొలిమేరల్లో కాపురం ఉండకూడదు. పనికి పెట్టుకున్న యజమాని వసతి ఇస్తే తప్ప. ఆ మునిసిపాలిటీ 1867లో రద్దయింది గానీ గాయం మానలేదు. ఇప్పుడు అదే పార్కులో ఆయన కంచు ప్రతిమ, ఆ పక్కనే వేరే జాతి వాళ్ల స్తంభం. వచ్చిన యాత్రికులు రెండూ ఒకే సంస్కృతి అనుకుని వెళ్లిపోతారు. డువామిష్ తెగ మాత్రం ఫెడరల్ గుర్తింపు కోసం దశాబ్దాలుగా పోరాడుతోంది.

ఈ చర్చ సియాటెల్‌లో మళ్లీ రగలడానికి కారణం ఉంది. పైక్ ప్లేస్ మార్కెట్ పక్కనున్న విక్టర్ స్టైన్‌బ్రూక్ పార్కులో 1984 నుంచి రెండు స్తంభాలు ఉండేవి. పార్కు మరమ్మతుల కోసం 2023లో వాటిని తీశారు. మళ్లీ పెట్టాలా, వాటి స్థానంలో ఈ నేల మీది కోస్ట్ సేలిష్ కళకు చోటివ్వాలా అని వాదన నడిచింది. తరతరాలుగా చూసి అలవాటైన గుర్తుల మీద జనానికి మమకారం ఉండటం సహజం. సొంత నేల మీద సొంత ముఖం కనిపించాలని కోస్ట్ సేలిష్ ప్రజలు కోరుకోవడం అంతకంటే న్యాయం.

---
▣ మాను నుంచి స్తంభం దాకా

● కావాల్సింది ఎర్ర దేవదారు. ఈనె తిన్నగా ఉంటుంది, చెక్కడానికి మెత్తగా ఉంటుంది. దానిలోని సహజ నూనెలు చెదను, కుళ్లును చాలాకాలం ఆపుతాయి.

● ముఖ్యమైన పనిముట్టు బాడిశ. నిపుణుడు చెక్కితే బాడిశ గాట్లు కొయ్య మీద వరసగా, ఒకే తీరున కనిపిస్తాయి.

● నలుపుకు బొగ్గు, ఎరుపుకు కావిరాయి, ఆకుపచ్చ నీలానికి రాగి ఖనిజం. రంగు పట్టడానికి నమిలిన సాల్మన్ గుడ్లు కలిపేవారు.

● వర్షాలు ఎక్కువైన ఆ తీరంలో స్తంభం ఆయుష్షు సాధారణంగా వందేళ్ల లోపే. ఒరిగిపోతే మళ్లీ ఎత్తకుండా మట్టిలో కలిసిపోనిచ్చే ఆచారం చాలాచోట్ల ఉంది.
---

కాలిన స్తంభం, మళ్లీ చెక్కిన చేతులు

1938 అక్టోబరులో ఎవరో పయనీర్ స్క్వేర్ స్తంభానికి నిప్పు పెట్టారు. చూస్తే లోపల అప్పటికే కుళ్లు పట్టి ఉంది. కిందికి దించక తప్పలేదు. కొత్తది చెక్కే పని మళ్లీ ట్లింగిట్ల దగ్గరికే వెళ్లింది. మాంద్యం రోజుల ఉపాధి పథకం కింద అమెరికా అటవీ శాఖ అలాస్కాలో పాత స్తంభాల పునరుద్ధరణ చేపట్టింది. అందులో భాగంగా సాక్స్‌మన్‌లో చార్లెస్ బ్రౌన్ అనే పెద్ద శిల్పి తన బృందంతో పాత స్తంభాన్ని నమూనాగా పెట్టుకుని కొత్తది చెక్కారు. 1940లో దాన్ని సియాటెల్‌లో నిలబెట్టారు. ఈనాడు మనం చూసేది అదే.

ఈ సందర్భం మీద సియాటెల్‌లో ఒక కథ చెప్పుకుంటారు. కొత్త స్తంభం కోసం నగరం 5,000 డాలర్ల చెక్కు పంపిందట. మొదటిదానికి డబ్బు ముట్టింది, రెండోది కావాలంటే ఇంకో 5,000 పంపండి అని ట్లింగిట్లు జవాబిచ్చారట. రికార్డుల్లో దీనికి ఆధారం లేదు. అయినా జనం నోట ఇన్నేళ్లుగా నలుగుతోందంటే, అప్పు మిగిలే ఉందని ఊరికి లోలోపల తెలుసన్నమాట.

ఆ పునరుద్ధరణ చేసిన మేలు ఇంకొకటి ఉంది. ముసలి శిల్పుల పక్కన కుర్రాళ్లు పనికి కుదిరారు. తెగిపోబోతున్న విద్య ఇంకో తరానికి అందింది. నేటికీ సాక్స్‌మన్‌లో శిల్పుల షెడ్డు నడుస్తోంది. అంతరించిపోతారని 1899లో అనుకున్న మనుషులు ఇప్పుడు కొత్త మానుల మీద బాడిశ పట్టి ఉన్నారు.

నాస్ నదికి తిరిగొచ్చిన స్తంభం

ఆ తల్లి మునిగిపోయిన నాస్ నది లోయ నిస్గా ప్రజల సొంత గడ్డ. 1929 వేసవిలో అక్కడా ఇదే జరిగింది. ఊరివాళ్లు వేటకూ కోతలకూ వెళ్లిన సమయంలో మరియస్ బార్బో అనే పరిశోధకుడు ‘నిస్‌జూల్’ సంస్మరణ స్తంభాన్ని తీయించి స్కాట్లాండ్ మ్యూజియానికి అమ్మాడు. 11 మీటర్ల ఆ స్తంభం దాదాపు ఒక శతాబ్దం ఎడిన్‌బరోలో గడిపింది. 2022లో నిస్గా ప్రతినిధులు వెళ్లి అడిగారు. మ్యూజియం ఒప్పుకుంది. 2023 సెప్టెంబరులో కెనడా సైనిక విమానంలో స్తంభం స్వస్థలానికి చేరింది. మ్యూజియంలో జనం తాకకుండా చూసిన వస్తువును, సొంత ఊళ్లో మునిమనవలు చేతులతో తడిమి పలకరించారు.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూప శిల్పాలను చూసి గుండె చివుక్కుమన్న తెలుగువారికి ఈ వార్త విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

---
▣ ఇళ్లకు చేరినవి

స్టాక్‌హోమ్ నుంచి: మశూచికి పిల్లల్ని పోగొట్టుకున్న హైస్లా నాయకుడు 1872లో ఎత్తించిన జిప్సగోలాక్స్ స్తంభం 1929లో స్వీడన్ చేరింది. హైస్లా ప్రజలు దానికి బదులుగా కొత్తది చెక్కి ఇచ్చి, 2006లో పాతదాన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

కేప్ ఫాక్స్‌కు: టాంగాస్ దొంగతనానికి కొద్ది వారాల ముందే, 1899లో హారిమన్ యాత్రా బృందం కేప్ ఫాక్స్ గ్రామం నుంచి స్తంభాలు తీసుకెళ్లింది. 2001లో అమెరికా మ్యూజియాలు వాటిని తిరిగిచ్చాయి. ట్లింగిట్లు బదులుగా దేవదారు మానులు కానుకిచ్చారు.

హాలీవుడ్ తోట నుంచి: నటుడు జాన్ బారీమోర్ 1931లో అలాస్కా నుంచి తెచ్చి తన తోటలో పెట్టుకున్న స్తంభం, చేతులు మారి హొనొలులు మ్యూజియానికి చేరింది. 2015లో ట్లింగిట్లకు దక్కింది.
---

భుజాల మీద వచ్చిన స్తంభం

సియాటెల్‌లోనే, స్పేస్ నీడిల్ నీడన, ఇంకో స్తంభం ఉంది. దాని వెనక కథ గుండెను పిండేస్తుంది.

జాన్ టి. విలియమ్స్ వాంకూవర్ దీవికి చెందిన డిటిడాట్ తెగవాడు. ఏడు తరాలుగా కొయ్య చెక్కే కుటుంబం. సియాటెల్ రేవులో యాత్రికులు కొనుక్కునే చిన్న టోటెమ్‌లలో వీళ్ల చేతి పని ఎంతో ఉంది. 2010 ఆగస్టు 30న, ఒక చేత కొయ్యముక్క, మరో చేత చెక్కే చిన్న కత్తితో ఆయన రోడ్డు దాటుతున్నాడు. ఒక చెవి వినిపించదు. కత్తి కింద పడేయమని ఒక పోలీసు అధికారి అరిచాడు. నాలుగైదు సెకన్లలోనే కాల్చాడు. 50 ఏళ్ల జాన్ అక్కడికక్కడే చనిపోయాడు. కాల్పులు సమర్థనీయం కాదని పోలీసు శాఖ సమీక్షే తేల్చింది. అధికారి రాజీనామా చేశాడు. నేరం కింద మాత్రం కేసు పెట్టలేదు.

జాన్ చనిపోయిన కోపంతో ఊరు భగ్గుమనగల రోజుల్లో జాన్ సోదరుడు రిక్ విలియమ్స్ బాడిశ అందుకున్నాడు. రేవు దగ్గర, అందరూ చూస్తుండగా, 34 అడుగుల దేవదారు మాను చెక్కడం మొదలుపెట్టాడు. ఊళ్లో వాళ్లూ వచ్చి ఓ చెయ్యి వేశారు. పైన గద్ద. మధ్యలో శిల్పి జాన్, అతని చేతిలో లకుముకి పిట్ట. కింద తల్లి బొంతకాకి. 2012 ఫిబ్రవరి 26న ఆ స్తంభాన్ని ట్రక్కు మీద తరలించలేదు. నగరవాసులు వందలుగా వచ్చి భుజాలకెత్తుకుని, వీధుల గుండా సియాటెల్ సెంటర్ దాకా మోసుకెళ్లారు. తాళ్లు కట్టి చేతులతో లాగి నిలబెట్టారు.

రెండు స్తంభాల మధ్య ఉన్న దూరం మైలున్నర, కాలం నూట పదమూడేళ్లు. మొదటిది సొంతవాళ్లు లేని వేళ చూసి తెచ్చింది. రెండోదాన్ని సొంతవాళ్లే చెక్కి, తమ బాధ ఏమిటో చెప్పి, ఊరిని సాక్షిగా పిలిచి నిలబెట్టారు. పార్కులో టోటెమ్ స్తంభం ఉండొచ్చా అన్న ప్రశ్నకు ఈ రెండోదే జవాబు. కెనడాలోని వాంకూవర్ నగరపు స్టాన్లీ పార్కూ ఆలస్యంగానైనా ఈ దారి పట్టింది. దశాబ్దాల పాటు అక్కడ వేరే తీరాల స్తంభాలే ఉండేవి. ఆ నేల మీది స్క్వామిష్ శిల్పి రాబర్ట్ యెల్టన్, ఒకప్పుడు ఆ పార్కులోనే నివసించిన తన తల్లి రోజ్ గౌరవార్థం చెక్కిన స్తంభం 2009లో వాటి సరసన చేరింది.

ఫొటోకు ముందు మూడు ప్రశ్నలు

అమెరికాలో, కెనడాలో ఉంటున్న తెలుగువారు, చూడటానికి వెళ్లే వారి తల్లిదండ్రులు ఇలాంటి స్తంభం ఎదురైతే మూడు విషయాలు తెలుసుకోవాలి. ఇది ఏ వంశానిది? ఎవరి జ్ఞాపకం? ఎవరి అనుమతితో ఇక్కడ ఉంది? పిల్లలకు బొమ్మ కొనిచ్చేటప్పుడు, చెక్కిన వ్యక్తి పేరు, తెగ పేరు ఉన్నదే కొనాలి. పేరు లేని ప్లాస్టిక్ టోటెమ్ కొన్న ప్రతిసారీ ఒక శిల్పి ఇంట్లో కూలి తగ్గుతుంది.

నగరాలు చేయాల్సింది ఇంతకంటే పెద్దది. స్తంభం కింద చెక్కినవాడి పేరు, సొంతదారు వంశం పేరు, అది వచ్చిన తీరు దాచకుండా రాయాలి. రంగులు వేయాలన్నా, దించాలన్నా, ఉంచాలన్నా ముందు వాళ్లను అడగాలి. తిరిగి కావాలంటే ఇచ్చేయాలి. హైస్లా వాళ్లు బదులు స్తంభం చెక్కి ఇచ్చారు, కేప్ ఫాక్స్ వాళ్లు మానులే కానుకిచ్చారు. పోగొట్టుకున్నవాళ్లే ఇంత పెద్ద మనసు చూపితే, తీసుకున్నవాళ్లు వెనకాడటానికి సాకు ఏముంటుంది? అనుమతితో నిలబడ్డ స్తంభం ఒక జాతి గౌరవాన్ని పదిమందికీ చాటుతుంది. అది లేకుండా నిలబడ్డది, ఎంత బాగా రంగులు దిద్దినా, తీరని బాకీయే.